నాగరత్నమ్మ మానుకున్న దగ్గుమందు

1999లో పుంగనూరు బస్టాండు దగ్గర నాకు మందుల షాపు ఉండేది. ఆ రోజుల్లో డాక్టరు చీటీ లేకుండానే చాలా మందులు ఇచ్చేసేవాణ్ని. కొడీన్ ఉన్న దగ్గు సిరప్ కూడా అంతే. కొడీన్ నల్లమందు జాతిది. దగ్గును అణిచేస్తుంది, అలవాటైతే వదలదు. ఆ సంగతి చదువుకున్నవాణ్నే, అయినా అమ్మాను.

బట్టలు కుట్టే నాగరత్నమ్మ రెండేళ్లుగా ఆ సిరప్ కొనేది. భర్త పోయాడు. తొమ్మిదో తరగతి చదివే కూతురు సుజాత ఒక్కతే తోడు. నాగరత్నమ్మ మొదట దగ్గుకే తాగింది. తర్వాత దగ్గు లేకపోయినా తాగింది. ఒక సాయంత్రం సీసా కోసం సుజాత వచ్చింది. మాట ముద్దగా వస్తోంది, కళ్లు మూతలు పడుతున్నాయి.

"ఏం మే, నువ్వు గాని తాగినావా?"

"పరీక్షలంటే బయంగా ఉండాది మామా. ఇది తాగితే అమ్మ నెమ్మదిగా ఉంటాది గదా. నేనూ రెండు మూతలు తాగినా."

షాపు మూసి, పిల్లను వెంటబెట్టుకుని వాళ్లింటికి పోయాను. సంగతి విని నాగరత్నమ్మ కుట్టుమిషను మీద తల వాల్చేసింది. "నేనే నేర్పిస్తినే" అంది.

మరునాడే నాగరత్నమ్మను మదనపల్లెలో డాక్టరుకు చూపించాం. మానేటప్పుడు వచ్చే బాధల్ని విత్‌డ్రాయల్ అంటారు. ఒళ్లునొప్పులు, వాంతులు, నిద్ర పట్టకపోవడం. మందు మానిన ఐదో రోజు ఆమె వణుక్కుంటూ నా షాపుకొచ్చింది.

"ఒక్క సీసా ఇయ్యన్నా. మల్లా అడగను."

లేదంటే పక్క షాపుకు పోతుందేమోనని నా భయం. బెంచీ మీద కూర్చోబెట్టి ఏవో మాటల్లో పెట్టాను. అంతలో బడి వదిలాక అటుగా వచ్చిన సుజాత, అమ్మను చూసి రోడ్డు మీదే నిలబడిపోయింది. దగ్గరికి రాలేదు. నాగరత్నమ్మే లేచి వెళ్లింది.

"కొనలేదు మే. కానీ అడిగినా. అన్న ఇయ్యలేదు. నీకు అబద్దం చెప్పను."

సుజాత అమ్మ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

ఆ తర్వాత నాగరత్నమ్మ ఒక్కసారి జారింది. కుప్పంలో చెల్లెలింటికి పోయినప్పుడు అక్కడ కొని తాగింది. తిరిగొచ్చి కూతురికి తానే చెప్పి, మళ్లీ డాక్టరు దగ్గరికి పోయింది. ఇక ముట్టలేదు.

మరుసటేడు పదో తరగతి రిజల్ట్స్ వచ్చాయి. చూసుకోడానికి మదనపల్లె పోయిన పిల్లలంతా తిరిగొచ్చారు, సుజాత రాలేదు.

"లెక్కల్లో పోయిందంటన్నా. యాడుండాదో ఏమో" అంటూ నాగరత్నమ్మ పరిగెత్తుకొచ్చింది. ఇద్దరం బస్టాండులో నిలబడి, వచ్చిన ప్రతి బస్సులోకీ తొంగి చూశాం. తప్పిన పిల్లలు ఏ అఘాయిత్యం చేసుకుంటారోనన్న మాట ఇద్దరి నోటా రాలేదు. నాలుగో బస్సులోంచి సుజాత దిగింది.

"తప్పినా మా. చెప్పేకి బయమై ఆడనే కూసున్నా. కుప్పం నుంచి వచ్చినప్పుడు నువ్వు నాకు చెప్పలేదా? అందుకే వచ్చేసినా."

ఆమె బిడ్డను పొదువుకుని ఏడ్చింది.

అప్పటికే చీటీ లేకుండా ఆ సిరప్ ఎవరికీ ఇవ్వడం మానేశాను. పూర్తిగా బాగుపడ్డాకే తల్లి బిడ్డకు దారి చూపగలదని అనుకునేవాణ్ని. నాగరత్నమ్మ తన చేతులు ఇంకా వణుకుతుండగానే ఆ దారి చూపింది.