పిన్ని కొన్న బాండు

మా పిన్ని బ్యాంకులో బాండ్ల కౌంటరు వెనక ముప్పై ఏళ్ళు కూర్చుని రిటైరైన మనిషి. కొన్నేళ్ళుగా ఆమె నోరు మరీ పెద్దదైపోయింది. మంచినీళ్ళు అడిగినా పక్కవాటావాళ్ళు ఉలిక్కిపడాల్సిందే. వయసు మీద పడి ఆమెకే చెవులు మందగించాయనుకుని రోజూ విసుక్కునేదాన్ని.

నా కూతురికి పుట్టుకతోనే వినికిడి తక్కువ. ఆపరేషన్ చేస్తే బాగవుతుందనీ, చెవి దగ్గరి ఎముక ఎదగాలి కాబట్టి మూడేళ్ళు ఆగాలనీ డాక్టరు చెప్పారు. బ్యూటీపార్లర్ నడిపి నేను కూడబెట్టిందంతా పిన్ని చేతిలో పెట్టాను. ఆమె కొంత షేర్లలో పెట్టి, ఎక్కువ భాగంతో మూడేళ్ళకు గడువు తీరే ప్రభుత్వ బాండు కొంది.

షేర్లు పడితే బాండ్లు లేస్తాయని నా కుర్చీలో జుట్టు కత్తిరించుకునేవాళ్ళు చెప్పేవారు. మొదటి ఏడు అలాగే జరిగింది. వ్యాపారాలు దెబ్బతింటాయని జనం షేర్లు అమ్ముకుని బాండ్ల మీద పడ్డారు. నేను గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాను.

రెండో ఏడు ధరలు మండిపోయాయి, వడ్డీలు పెంచారు. షేర్లూ పడ్డాయి, మా బాండు ధరా పడింది. ఫోన్లో రెండు ఎర్ర అంకెలు చూసేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. చేతిలో కత్తెరతోనే పిన్ని ఇంటికి పోయి ఒంటికాలి మీద లేచాను.

"ఒకటి పడితే ఇంకోటి లేస్తుందన్నారుగా. ఇప్పుడే అమ్మెయ్ పిన్నీ, మిగిలిందైనా దక్కుతుంది."

"అన్నది నీ కుర్చీలో కూర్చునేవాళ్ళు, నేను కాదు" అంది పిన్ని, బట్టలు మడతపెడుతూనే. "వ్యాపారం పోతుందని భయపడితే అవి చెరో దారిన పోతాయి. ధరలు పెరుగుతాయని భయపడితే రెండూ కలిసే పడతాయి. కొత్త బాండ్లు ఎక్కువ వడ్డీ ఇస్తుంటే మన పాతదాన్ని పూర్తి ధరకు ఎవడు కొంటాడే?"

"మరి పిల్ల ఆపరేషన్?"

"మనం అమ్మితేనేగా ఆ నష్టం. గడువు రోజున బాండు మీద ఉన్న మొత్తం పైసా తగ్గకుండా ఇస్తారు. ఆపరేషన్ అప్పుడని ముందే తెలుసు కాబట్టే ఏరికోరి ఆ గడువుది కొన్నాను. షేర్ల జోలికి అప్పటిదాకా పోకు. ముందు ఆ కత్తెర కింద పెట్టు తల్లీ, నాకు భయమేస్తోంది."

అంత కోపంలోనూ నవ్వొచ్చింది. నమ్మి ఆగానంటే అబద్ధం, ఆమె నోటికి జడిసి ఆగాను.

గడువు రోజున డబ్బు పూర్తిగా వచ్చింది. మధ్యలో అందిన వడ్డీ పెరిగిన ఆసుపత్రి ఖర్చుకు సరిపోయింది. షేర్లు ఇంకా కోలుకోలేదు, వాటితో పనీ పడలేదు.

కట్టు విప్పిన మర్నాడు పిల్ల కిటికీ దగ్గర అటు తిరిగి బొమ్మకు జడ వేస్తోంది. పిన్ని గుమ్మంలోనే ఆగి "బంగారూ" అని పిలిచింది, చాలా మెల్లగా.

పిల్ల వెనక్కి తిరిగి "ఏంటి అమ్మమ్మా?" అంది.

నా చిన్నప్పుడు నన్ను నిద్రపుచ్చిన గొంతు అదే. పిల్లకు వినబడాలనే ఇన్నేళ్ళూ ఆమె దాన్ని పెంచుకుందని నాకప్పటిదాకా తట్టనే లేదు. వెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను.

"ఇంక అరవక్కర్లేదు పిన్నీ" అన్నాను.