కోర్టు ఇచ్చిన బామ్మర్ది

నా వృత్తిలో ఉన్నది ఒకే ఒక్క నియమం: ముద్దాయితో చుట్టరికం చెప్పకూడదు. దాన్ని పదిమందికి బోధించినవాణ్ని నేనే, తప్పినవాణ్నీ నేనే. మూర్ఖత్వానికి ఎవరైనా పూచీ అడిగితే నాకంటే గట్టి ఆసామి జనగామ కోర్టు ఆవరణలో దొరకడు.

నేను జమానతుదారుని. అరెస్టయినవాడు బెయిలు మీద బయటికి రావాలంటే, వాయిదాలకు వాణ్ని హాజరుపరుస్తానని భూమి ఉన్న మనిషి ఒకడు సంతకం పెట్టాలి. ఆ ఒకడిగా ఉండటమే నా బతుకుదెరువు. పెద్దవంగరలో నాకు రెండెకరాల మెట్ట చెలక ఉంది. నాది అంటే, కొడుకులు లేని మా మామ నా పేర పట్టా చేయించినది. నేను దున్నింది తక్కువ, జమానతు పెట్టింది ఎక్కువ. మా ఆవిడ మాత్రం ఆ పాసుపుస్తకాన్ని 'మా నాయిన పుస్తకం' అనేది. కోర్టుకు పోయేరోజు పసుపు బట్టలో చుట్టి చేతికిచ్చేది.

ముద్దాయి నీకేమవుతాడని జడ్జిగారు అడుగుతారు. "ఎరుకున్న మనిషి సార్" అనాలి, అంతే. వాడు పారిపోతే, ఎరుకే గానీ ఎటు పోయాడో ఎరుక లేదని దండం పెట్టుకోవచ్చు. చుట్టమన్నామా, అది మెడకు చుట్టుకుంటుంది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు. రాస్తారోకో కేసుల్లో పట్టుబడ్డవాళ్ల దగ్గర నేను ఫీజు తీసుకునేవాణ్ని కాదు. చాయ్ మాత్రం తాగేవాణ్ని. ఉద్యమానికీ చాయ్‌కీ విరోధం ఎక్కడా వినలేదు. ఒకరోజు మా వైపు యువనాయకుణ్ని ఒకణ్ని పట్టుకొచ్చారు. బయట జనం నినాదాలిస్తున్నారు. నా రక్తం ఉడికింది, దాంతోపాటే బుద్ధి కూడా కాస్త ఎక్కువ ఉడికి మెత్తబడింది. జడ్జిగారు అడగగానే "నా బామ్మర్ది సార్!" అన్నాను.

జడ్జిగారు రాసుకున్నారు. వకీలుగారి గుమాస్తా నుదురు కొట్టుకున్నాడు.

"నీకు బామ్మర్దులే లేరు గదనే?" అన్నాడు వరండాలోకి రాగానే.

"ఇయ్యాల అయిండు" అన్నాను గర్వంగా.

అయినవాడు మూడు వాయిదాలకు రాలేదు. కోర్టు జవాను వరండాలో అతని పేరు మూడేసి సార్లు కేకేసేవాడు, పైన పావురాలు పలికేవి. మూడో వాయిదాకు అతని మీద వారంటు, నా మీద నోటీసు. "మీ బామ్మర్దే కదా, ఎక్కడున్నాడో తెలియదంటే ఎలా? వచ్చే వాయిదాకు తీసుకురండి. లేకపోతే భూమి జప్తుకు రాస్తాను" అన్నారు జడ్జిగారు.

నోటీసు చదివి వినిపిస్తే మా ఆవిడ పొయ్యి ముందు నుంచి కదల్లేదు.

"కొడుకు లేడనే గద మా నాయిన ఆ చెల్క నీకిచ్చిండు. లేని కొడుకును నువ్వు పుట్టిచ్చి, మల్ల గా చెల్కనే పోగొడ్తవా?" అంది. పొయ్యి ఆర్పి లేచి, "నడువు, నేను గూడ వస్త" అంది.

మహబూబాబాద్‌లో అడిగితే నిన్ననే ఉపన్యసించి వెళ్లాడన్నారు. గార్లలో మొన్ననే అన్నారు. కోర్టులో తప్ప అన్నిచోట్లా హాజరే. చివరికి వాయిదా రేపనగా భూపాలపల్లిలో, గని కార్మికుల దీక్షా శిబిరంలో దొరికాడు. మెడలో దండ, చేతిలో మైకు.

చెవిలో సంగతి చెప్పాను.

"రాష్ట్రం అస్తది, కేసులన్నీ ఎత్తేస్తరు. జర ఓపిక పట్టన్నా."

"రాష్ట్రం అచ్చేలోపు నా భూమి పోతది తమ్మీ."

"సూద్దాం తియ్యి" అని అతను మైకు వైపు తిరిగాడు. "అక్కలారా, చెల్లెల్లారా..."

మా ఆవిడ నేరుగా శిబిరం మధ్యకు నడిచింది.

"తమ్మీ, గిదో నీ అక్కనొచ్చిన. కోర్టుల రాసున్నది. రేపు నువ్వు రాకుంటే మా నాయిన భూమి పోతది. బస్సు టైమైతాంది, లే."

మైకు ఇంకా ఆగలేదు కనుక భూపాలపల్లి బజారంతా విన్నది. కార్మికులు ఘొల్లున నవ్వారు. ఒక పెద్దాయన అతని మెడలో దండ తీసి, "పో బిడ్డా, అక్క పిలిస్తే కూసుంటవా?" అన్నాడు. ఇక అతను లేవక తప్పలేదు.

మర్నాడు ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని జడ్జిగారు అడిగారు. అతను రెప్ప వేయకుండా చెప్పాడు: "మా బావ తారీఖు చెప్పలే సార్."

జమానతు ఇచ్చేవాడికి ఆ మాత్రం బాధ్యత ఉండాలని జడ్జిగారు నలుగురిలో నాకు గడ్డిపెట్టారు. వారంటు రద్దయింది, భూమి దక్కింది. కానీ ఆనాటి నుంచి గుమాస్తాలంతా నన్ను "ఏం బావా, తారీఖు చెప్పినవా?" అనే పలకరించేవాళ్లు.

రాష్ట్రం వచ్చింది. అతనన్నట్టే కేసు పోయింది, పూచీ కింద కోర్టులో ఉంచిన పుస్తకం మళ్లీ పసుపు బట్టలో ఇంటికి చేరింది. మరుసటి ఎండాకాలం అతను కొత్త ఇంట్లో పాలు పొంగించి పెద్ద విందు చేశాడు. ఇంటి ఆడబిడ్డలను చాప మీద వరసగా కూర్చోబెట్టి ఒడిబియ్యం పోస్తున్నారు. మూడేళ్లకోసారి పెళ్లయిన ఆడపిల్ల ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోసి చీర పెట్టే పుట్టింటి మర్యాద అది. మామ పోయాక మా ఆవిడకు ఆ మర్యాద చేసినవాళ్లు లేరు. ఆమెను తీసుకుపోయి ఆ వరస చివర కూర్చోబెట్టాను.

"బామ్మర్దీ, ఈ అక్కకు పొయ్యవా?"

అతని తల్లి "ఎవలీమె?" అంది. నేను కోర్టు ముద్ర ఉన్న జమానతు కాగితం నకలు విప్పాను.

అతను నా చెవిలో, "గది కోర్టుల మాట గదా!" అన్నాడు.

"జడ్జి ముంగట నువ్వు గూడ బావ అనే అన్నవు" అన్నాను, నలుగురికీ వినబడేటట్టు.

పెద్దమనుషులంతా చూస్తున్నారు. అతనూ భార్యా దోసిళ్లతో బియ్యం పోశారు, చీర పెట్టారు. నేను నవ్వుదామని మా ఆవిడ వైపు చూశాను. ఆమె కొంగు రెండు చేతులా పట్టుకుని, ఒక్క గింజ జారకుండా ముడివేసుకుంటోంది. నవ్వు ఆపుకున్నాను.

గేటు దాటుతూ మాత్రం ఆగలేకపోయాను.

"మూడో ఏడు మల్ల పొయ్యాలె బామ్మర్దీ. తారీఖు ముందుగాల్నే చెప్పి పోత. చెప్పలేదనకు."