క్రాకు ఎక్కడుంది?

సైకిలెక్కిన ఆడపిల్లను ఊరు ఊరంతా అరుగుల మీంచి మెడలు సాచి చూసిన రోజులవి. వాళ్లకు పనిలేదని నేను, నాకు భయం లేదని వాళ్లు అనుకునేవాళ్లం. రెండూ సగం సగమే నిజం.

నరసరావుపేటలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ప్రాక్టికల్స్ ఎనిమిదింటికి, మా ఊరి బస్సు తొమ్మిదింటికి (అదీ దానికి బుద్ధి పుడితే). నాన్న తేల్చేశాడు: "సైకిలు కుదిరితే సరే. లేదంటే సైన్సు మానేసి బి.ఏ. ప్రైవేటుగా కట్టు." వెదగ్గా వెదగ్గా మా పిన్ని వాడి వదిలేసిన మెరూన్ రంగు లేడీస్ సైకిలు దొరికింది. కింది గొట్టం మీద చిన్న సొట్ట ఉంది. హ్యాండిలు కింద, గొట్టాలు కలిసేచోట వెంట్రుకంత గీత కూడా ఉంది. ఆ గీత నాన్న కంటబడితే నా ఫిజిక్సుకు నూకలు చెల్లినట్టే. అందుకని దానిమీద మెరూన్ గోళ్లరంగు రెండు పూతలు వేసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాన్న ఆ సైకిలునూ నన్నూ పేటలో సైకిలు రిపేరు షాపు నడిపే కళ్లద్దాల మామ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన ఫ్రేము చూసేముందు కళ్లజోడు పెట్టేవాడు, మాట ఆపేవాడు (రెండోది నాకిప్పటికీ చేతకాదు). సొట్ట చుట్టూ వేలితో తడిమి, "గొట్టం మడత పళ్లేదు బావా. సుత్తితో కొడితేనే చెడుద్ది, ఉండనీ" అన్నాడు. ముందునుంచి వెనక చక్రం దాకా రెండు పక్కలా దారం లాగి, ఫ్రేము వంకరపోలేదన్నాడు. తర్వాత హ్యాండిలు కింద చూపు ఆగింది. వంగి వాసన చూశాడు.

"ఏందమ్మాయ్, సైకిలుకి గోళ్లరంగు ఏశావా?"

"తుప్పు పట్టకుండా మామా!"

"తుప్పు పట్టకుండానా, మీ నాన్న కనిపెట్టకుండానా?"

నాన్న మొహం మాడిపోయింది. "దాచిందంటే ఇరిగేదేలే బావా. పక్కన పడెయ్."

"ఆగు బావా. చీలింది రంగో ఇనుమో చూద్దాం."

గరుకు కాగితంతో రుద్ది, కిరసనాయిలు పూసి, పొడిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లాడు. ఇనుము పగిలి ఉంటే లోపలికి దూరిన నూనె సుద్దమీదికి తడిగీతలా వస్తుందట.

"దాన్ని క్యాపిల్లరీ యాక్షన్..." అని అందుకున్నాను.

"ఏదన్నా అనుకో, ఊదమాక! సుద్ద ఎగిరిపోద్ది."

"నోరు మూసుకోవే!" అన్నాడు నాన్న.

ఐదు నిమిషాలు మూసుకున్నాను. (మా ఇంట్లో ఎవరూ నమ్మరు.) నా చదువంతా ఆ తెల్లటి మచ్చ మీదే ఉంది. సుద్ద పొడిగానే ఉండిపోయింది.

మామ కళ్లజోడు తీశాడు. "క్రాకు బండికి లేదు బావా. పైరంగే చిట్లింది."

"అయితే క్రాకు లేనట్టేనా?"

"ఉందిగా. బండికి లేదన్నానంతే."

ఇద్దరూ కలిసి నావైపు చూశారు. సైకిలు దక్కింది కదా అని ఆ బిరుదు కూడా కళ్లకద్దుకున్నాను. మామ గీకినచోట తుప్పు పట్టకుండా ఎర్రరంగు పూసి, ఆరాక మెరూన్ వేశాడు.

మర్నాడు ఏడున్నరకే కాలేజీ చేరాను. ల్యాబుకి తాళం వేసి ఉంది. ఇప్పుడైతే ఎక్కడికి వెళ్లినా ముందే చేరి, తలుపు తీయనివాళ్లను కడిగి ఆరేస్తాను. ఆ పొద్దున మాత్రం లంగాకి చైను గ్రీజుతో, చెమట కారుతూ, ఎవర్నీ ఏమీ అనకుండా గుమ్మం ముందు నిలబడ్డాను. అంత మంచిపిల్ల నాలో ఆ ఒక్క పొద్దుటికే వచ్చిపోయింది పాపం.