రొంపి మీద పరిచిన రాళ్లు

చెరువు చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి నా భార్యకు గంట పైనే పట్టేది. ఒంట్లో బాగున్న మనిషికి అది పావుగంట నడక. ఎత్తూ లేదు, పల్లమూ లేదు. అరకు లోయలో అంత చదునైన చోటు నేను ఇంకొకటి చూడలేదు. చుట్టూ కొండలు, నడుమ పల్లపు నేల, అందులో చెరువు, చెరువు చుట్టూ పచ్చిక. ఆ పచ్చికలో ఇక్కడొకటి అక్కడొకటి పనసచెట్లు, మామిళ్లు. ఎవరో దొరగారు తోట వేయించి మరిచిపోయినట్టు ఉండేది.

నేను రోడ్డు ఓవర్సీరును. గూడెం వైపు పితూరీ సద్దుమణిగిన మరుసటి ఏడు, లోయలోకి బండ్లదారి బాగుచేయించమని నన్ను అక్కడికి వేశారు. విజయనగరం దగ్గరి పల్లె నుంచి భార్యను వెంట తెచ్చుకున్నాను. మన్యం నీళ్లు పడవు, పిల్లను తీసుకెళ్లవద్దని మా అత్తగారు ఏడ్చింది. "క్వినైను ఉంది, అల్లుడున్నాడు, ఇంకేం కావాలి మీకు?" అని నవ్వేశాను. నాకు మొదటినుంచీ నోరు ముందు, ఆలోచన వెనక.

ఆ శీతాకాలమే ఆమెకు మన్యపు జ్వరం తగిలింది. నాలుగో నెల కడుపు పోయింది. జ్వరం తగ్గినా కడుపులో బల్ల, అంటే ప్లీహం, పెరిగి, ఎడమ డొక్క కింద చెయ్యి పెడితే గట్టిగా తగిలేది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. ఏమడిగినా ఊఁ, ఆఁ తప్ప మాట లేదు. సంతకు వచ్చే కాంపౌండరు చూసి, నన్ను పాక బయటికి పిలిచాడు. "ఇలాగే పడుకోనిస్తే ఇక లేవరు. రోజూ నడిపించండి. కొండ ఎక్కించకండి. చదునైన నేల మీద, మెల్లగా" అన్నాడు.

అలా మొదలయింది చెరువు నడక. మొదటిరోజు మా పాక నుంచి దగ్గరి పనసచెట్టు దాకా. అక్కడ కూలబడిపోయింది. తర్వాత రెండో చెట్టు, ఆ తర్వాత చెరువు మలుపు. పనికి వెళ్లేముందు నేను తోడు నడిచేవాణ్ని. కొన్నాళ్లకు ఒంటరిగా వెళ్లడం నేర్చుకుంది. ఫాల్గుణం వచ్చేసరికి సగం చుట్టు అందుకుంది. అక్కడ కొండ మీంచి గెడ్డ పారి వచ్చి చెరువులో కలిసే చోట దారి తెగి, మోకాలిలోతు రొంపి. ఇక వెనక్కి రావలసిందే.

ఒకరోజు ఆ రొంపి ఒడ్డున నిలబడి, "అటేపు ఏటుందో సూడాలనుందండి" అంది.

కడుపు పోయాక ఆమె నోట ఫలానాది కావాలన్న మాట అదే మొదటిది. నాకు ఏనుగెక్కినంత సంబరం. నేను దార్లు వేసేవాణ్ని, నా పెళ్లానికి పదిగజాల దారి వేయలేనా అనుకున్నాను.

రొంపికి అవతల గదబలనే కొండవాళ్ల చిన్న ఊరు ఉండేది. ఊరికి ఇవతల ఒక పెద్ద మామిడిచెట్టు, దాని కింద తొమ్మిది పలకరాళ్లు. ఒక్కొక్కటి పీటకు రెండింతలు, అరిగి నున్నగా ఉన్నాయి. రాయి కనబడితే దానితో ఏం కట్టవచ్చో లెక్కగట్టే కళ్లు నావి. కొండ కూలీలను పిలిచి మోయమన్నాను. వాళ్లు అటు చూసి గొంతుక్కూర్చున్నారు.

"ఆ రాళ్లు ముట్టం బాబూ. ఏరే రాళ్లు సూపించండి, మోసుకొస్తాం."

ఎందుకని నేను అడగలేదు. బద్ధకం అనుకున్నాను. ఒంటికాలి మీద లేచి నానా మాటలూ అన్నాను. వాళ్లు నేల చూపులు చూశారు తప్ప కదలలేదు. చివరికి మైదానం నుంచి వచ్చిన కూలీలను పిలిపించి, మధ్యాహ్నానికల్లా తొమ్మిది రాళ్లూ రొంపి మీద పరిపించాను. ఊరివాళ్లు గుమ్మాల్లో నిలబడి చూశారు. ఒక్కరూ నోరెత్తలేదు. పితూరీ తర్వాత ఆ ప్రాంతంలో సర్కారు మనిషి ముందు నోరెత్తేవాళ్లు లేరు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. తట్టినా మంచిదే అనుకునేవాణ్నేమో.

మరునాడు నా భార్య ఆ రాళ్ల మీద ఒక్కొక్క అడుగే వేసుకుంటూ అవతలికి వెళ్లింది. చుట్టు పూర్తిచేసి వచ్చి, ఆయాసపడుతూ నవ్వింది. నెలరోజులు అలా తిరిగింది. మొహంలో నెత్తురు కనబడింది. చింతచిగురు పప్పు తినాలనుందని అడిగి మరీ వండుకుంది. మీ పిల్ల ఇప్పుడు నాకంటే ముందు నడుస్తోందని అత్తగారికి గొప్పగా ఉత్తరం రాశాను.

ఆ ఊళ్లో ఒక ముసలాయన ఉండేవాడు. పొద్దున్నే సొరకాయ బుర్రలో చోడి అంబలి తెచ్చి, రొంపిలో దిగి, రాయి రాయికీ కొంచెం పోసి ఏదో గొణుక్కునేవాడు. నేను ఒకసారి చూసి, "ఏటయ్యా, రాళ్లు మొలకెత్తుతాయా ఏటి?" అని ఎగతాళి చేశాను. ఆయన చేతులు జోడించి, "ఏటీ నేదు బాబూ" అని పక్కకు తప్పుకున్నాడు.

నా భార్యకు మాత్రం చెప్పాడు. ఎగతాళి చేయకుండా అడిగింది కాబట్టి చెప్పి ఉంటాడు.

ఆ మధ్యాహ్నం నాకు వడ్డిస్తూ మొదలుపెట్టింది. ఆ ఊళ్లో మనిషి పోతే పెద్దకర్మ చేసి, దున్నను కోసి, ఒక రాయి తెచ్చి వేస్తారట. పోయినవాళ్లు వచ్చి కూర్చోవడానికి. ఊరికి ఏ కష్టమొచ్చినా పెద్దలు ఆ రాళ్ల మధ్యే కూర్చుని మాట్లాడుకుంటారట. ఏ రాయి ఎవరిదో ఆ తాత వరసగా చెప్పాడంటూ, వేళ్లు మడుస్తూ నాకు అప్పజెప్పింది. మొదటిది ఆయన భార్యది. ఇంకొకటి ఎలుగుబంటి చీల్చేసిన మనిషిది. మిగిలిన ఏడింటి గురించీ కూడా చెప్పింది. నేను అన్నం కలుపుకుంటూ, మర్నాడు పొయ్యాల్సిన కంకర గురించి ఆలోచిస్తున్నాను. ఆ ఏడుగురినీ పెడచెవిన పెట్టాను.

"ఆటిని తిరిగి అక్కడే ఎట్టించేయండి" అంది చివర.

"పెట్టిస్తాలే. దొరగారి తనిఖీ కానీ" అన్నాను.

తనిఖీ అయింది. తర్వాత తూము కట్టాల్సి వచ్చింది. ఈలోగా ఆమె నడక మానలేదు. కానీ సాయంత్రాలు చీర కుచ్చెళ్లకు బురద కనబడసాగింది. ఒకరోజు వెనకాలే వెళ్లి చూశాను. రాళ్ల పక్కన, రొంపిలో, చీర ఎగగట్టుకుని కాళ్లీడ్చుకుంటూ దాటుతోంది. ఇంటికొచ్చి ఎగిరాను. నీ కోసం వేయించిన దారిని వదిలి బురదలో దిగడానికి నీకేం పిచ్చా అన్నాను.

"ఆళ్ల మీద కాలెట్టి నేను బాగుపడాలా?" అంది. "మీ అమ్మ మీద కాలేసి నడుత్తారా మీరు?"

కంచం తోసేసి లేచిపోయాను. ఆ మాటకు నాకు రోషం వచ్చింది. మర్నాడు కూలీలను పంపుదామని నిజంగానే అనుకున్నవాణ్ని కాస్తా పంపలేదు. ఆమె బతిమాలితే పంపుదామనుకున్నాను. ఆమె బతిమాలలేదు. నడక మానమని గట్టిగా చెప్పాల్సింది, అదీ చెప్పలేదు. ఇద్దరం మాట్లాడుకోవడం తగ్గించాం.

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. గెడ్డ పొంగి రొంపి నడుములోతయింది. ఆమె అందులోనే దిగి దాటి, తడిసి, వణుకుతూ ఇంటికొచ్చింది. ఆ సాయంత్రమే జ్వరం అందుకుంది. ఊళ్లోనూ జ్వరాలు మొదలయ్యాయి. మూడోరోజు పొద్దున్న అటునుంచి ఏడుపులు వినబడితే కూలీని పంపించాను. ముసలాయన పోయాడని వచ్చి చెప్పాడు. ఆ మాట ఆమె చెవిన పడనివ్వలేదు.

నాలుగోరోజు ఆమెకు కాస్త తెలివి వచ్చింది.

"రాళ్లు ఎట్టించేరా?"

"పెట్టించాను."

"ఏది ఎక్కడుండాలో ఆ తాతని అడిగేరా?"

"అడిగాను. దగ్గరుండి ఆయనే పెట్టించాడు" అన్నాను.

ఆమె నమ్మింది. ఆ నమ్మిన మొహాన్ని నేను ఇప్పటికీ మరిచిపోలేను. ఏడుగురెవరో మళ్లీ చెప్పమని అప్పుడైనా అడగవలసింది. అడిగితే నా అబద్ధం బయటపడుతుందని అడగలేదు. ఆరోరోజు మధ్యాహ్నం పోయింది. వాన తెరిపిచ్చిన వేళ చూసి చెరువు గట్టునే దహనం చేశాం.

పదకొండోరోజు దాటాక కూలీలతో పాటు నేనూ రొంపిలో దిగి రాళ్లు లేవనెత్తాను. అప్పటికి ఊరు ఖాళీ అయిపోయింది. ఇంటికొకరు పోయేసరికి మిగిలినవాళ్లు ఆ చోటు విడిచి, రెండు కొండల అవతల పాకలు వేసుకున్నారని విన్నాను. మామిడిచెట్టు కింద రాళ్లు మొదట్లో ఎలా ఉండేవో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. దారం పట్టి, తొమ్మిదింటినీ తిన్నగా ఒక వరసలో పెట్టించాను. నాకు చేతనైంది అదొక్కటే. రెండు కొండలు దాటి వెళ్లి అడిగి ఉంటే ఎవరో ఒకరు వచ్చి సరిచేసేవాళ్లు. నేను వెళ్లలేదు. వాళ్ల మొహాలు చూడలేక వెళ్లలేదు.

బదిలీ వచ్చేదాకా ఆ చెరువు చుట్టూ రోజూ నడిచేవాణ్ని. కార్తీకంలో ఒక సాయంత్రం ఆ మామిడిచెట్టు దగ్గరికి వచ్చేసరికి, మెడకు లావుపాటి కడియాలున్న ఒక గదబ ముసలామె నిలబడి ఉంది. దారి దుమ్ము మోకాళ్ల దాకా ఉంది. ఖాళీ ఇళ్ల వైపు చూసింది, రాళ్ల వరస వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. జయపురం వైపు ఇచ్చారట, పెళ్లయి వెళ్లాక రావడం ఇదే మొదటిసారట.

"మా అప్ప బండ ఏది బాబూ? బండేసినపుడు నేను రానేదు."

"ఆ తాత భార్యా మీ అక్క?" అని అడిగాను, ఆ రాళ్లలో నాకు తెలిసిన ఆడమనిషి ఆమె ఒక్కతే. కాదని తల అడ్డంగా ఊపింది.

తెలియదు అనాలి. ఒక్క మాట. ఆ మాట అంటే ఎందుకు తెలియదో చెప్పాలి, ఎవరు కదిపారో చెప్పాలి. ఆమె నా నోటి వైపే చూస్తోంది. నేను చెయ్యెత్తి నాలుగో రాయిని చూపించాను. అది ఆడమనిషిదో మగమనిషిదో కూడా నాకు తెలియదు.

ఆమె ఆ రాయిని కొంగుతో తుడిచింది. దాని పక్కన కూర్చుని, రెండు చేతులూ దాని మీద వేసి, "అప్పా" అని పిలిచి తన భాషలో చాలాసేపు మాట్లాడింది. మధ్యలో నవ్వింది, ఏడ్చింది. ఆకుదొన్నెలో తెచ్చిన అంబలి మొత్తం ఆ ఒక్క రాయికే పోసేసింది. లేచి వచ్చి, వంగి నా కాళ్లకు దణ్ణం పెట్టింది.

కాళ్లు వెనక్కి తీసుకోలేదు నేను. నిజం చెబితే ఈ ముసల్ది అంత దూరం వట్టి చేతులతో వెళ్లాలి కదా, అందుకే చెప్పలేదు అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నాకు సిగ్గేసింది, అంతే.