ఉప్పు కాపడం

పశువుల ఆసుపత్రి కాంపౌండరుకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. సూదోడు అంటేనే తెలుస్తుంది. ఆవు మెడ మీద వెంట్రుకలు గొరగడం, చర్మం మడత పట్టి కొలవడం, పరీక్ష మందు సూది గుచ్చడం, మూడో రోజు వచ్చి అదే మడత మళ్ళీ కొలవడం: ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మడత మందం నాలుగు మిల్లీమీటర్లు పెరిగితే ఆ ఆవుకి క్షయ ఉన్నట్టు. ఈ లెక్క కనిపెట్టిన పెద్దలెవరూ మూడో రోజు పాకలోకి రారు. అక్కడ రైతు ముఖం చూడాల్సింది సూదోడే. అందుకే అతనికి కాలు ఒకచోట నిలవదు. అన్నం తింటూ కూడా లేచి గుమ్మం దాకా వెళ్ళొస్తాడు.

ఈసారి అక్క వాళ్ళ వీధిలో ఆవులన్నిటితో పాటు వాళ్ళ ఎర్రావుకీ సూది వేశాడు. బావ నాలుగు నెలలుగా దగ్గుతున్నాడు. పిండిన వెంటనే పచ్చిపాలు బావకో గ్లాసు, మనవరాలికో గ్లాసు. బలమని. ఆవు క్షయ పచ్చిపాలలోంచి మనిషికీ అంటుతుందని సూదోడికి తెలుసు. మిగిలినవి పాల కేంద్రానికి. సూది వేసిన మర్నాడు సూదోడు పని లేకపోయినా ఆ వీధిలో రెండుసార్లు తిరిగాడు. లోపలికి వెళ్ళలేకపోయాడు.

మూడో రోజు పొద్దున మడత కొలిచాడు. పెరిగింది రెండున్నరే. ఊపిరి పీల్చుకోబోయి ఆగాడు. గొరిగిన చోట చర్మం కందిపోయి ఉంది. చుట్టూ వెంట్రుకల్లో తెల్లటి పలుకులు.

"అక్కా, దీని మెడకేం చేశావు?"

"నువ్వు పొడిచిన చోట కోడిగుడ్డంత లేచిందిరా. మూగజీవి అల్లాడిపోయింది. పూటపూటా ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టాను. చూడు, ఎలా తగ్గిందో!"

"కోడిగుడ్డంతా?"

"పోనీ నిమ్మకాయంత. నీకన్నీ కొలతలే."

మంచం మీద నుంచి బావ అందుకున్నాడు. "ముప్పై ఏళ్ళ కాపురంలో నాకొక్క కాపడం పెట్టలేదు బావమరిదీ. ఆవుగా పుట్టినా బాగుండేది." నవ్వు సగంలోనే దగ్గయింది. ఆ దగ్గు ఆగేదాకా సూదోడు తల ఎత్తలేదు.

"జబ్బు లేదని రాసెయ్" అంది అక్క. "వాపు తగ్గిందిగా."

"తగ్గింది వాపే. కాపడం పెట్టిన మెడ మీద కొలత నమ్మడానికి లేదు. ఆరు వారాలాగి మళ్ళీ సూది వెయ్యాలి. అందాకా దీన్ని విడిగా కట్టెయ్. పాలు కేంద్రానికి పొయ్యొద్దు. ఇంట్లో పచ్చిపాలు ముట్టొద్దు. బావ రేపు నాతో కళ్ళె పరీక్షకి రావాలి."

"ఒక కడుపున పుట్టినవాడివి, నా ఉప్పునే నా మీద సాక్ష్యం పెడతావట్రా?"

సూదోడు కాగితం మీద 'కాపడం పెట్టారు, పరీక్ష చెల్లదు' అని రాశాడు.

"నాకొక్కదానికేనా ఈ న్యాయం? వీధిలో పది ఇళ్ళకి నేనే చెప్పాను కాపడం పెట్టమని. దమ్ముంటే అందరికీ ఇలాగే రాయి!"

సూదోడు కాగితాలు చంకన పెట్టుకున్నాడు. బయటపడి ఇంటింటికీ పరుగులాంటి నడక నడిచాడు. ప్రతి పాకలో ఆవు మెడ తడిమాడు. ప్రతి మెడ మీదా ఉప్పే. ఒకామె పొగడ్త కోసం చూసింది, ఒకాయన తిట్టాడు, ఇంకొకాయన తలుపేసుకున్నాడు. సూదోడు అదే ముక్క రాసుకుంటూ పోయాడు. చివరి ఇంటికి చేరేసరికి నోరెండిపోయింది.

అతను నోరు తెరవకముందే ఆ ఇంటావిడ విరుచుకుపడింది.

"మీ అక్క ఇప్పుడే వచ్చి వెళ్ళిందయ్యా. కాపడం ఆపెయ్యాలట, పాలు పొంగేదాకా కాచందే పిల్లలకి ఇవ్వకూడదట. మొన్నొక మాట, ఇవాళొక మాట. మీ అక్కాతమ్ముళ్ళిద్దరూ ముందు ఒక మాట మీదకి రండి!"

సూదోడు ఆమె గడప మీదే కూలబడి, తాగడానికి మంచినీళ్ళు అడిగాడు.