బొటనవేలితో పిలిచిన పెళ్లి

పెళ్లికొడుక్కే కూర మిగలని పెళ్లి మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. ఆ పెళ్లికొడుకు నేనే. వంటవాడిని ఏమీ అనకండి, పాపం. తప్పంతా నా బొటనవేలిది.

అప్పుడు కర్నూలులో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. రోజంతా నోరు విప్పే పనే ఉండేది కాదు. పై అధికారి ఏం చెప్పినా ఫోన్‌లో బొటనవేలి బొమ్మ. ఎవరైనా పోతే ఏడుపు బొమ్మ. "వందనాలు" అని చేతులు జోడించడం చర్చి గుమ్మం దగ్గర మాత్రమే మిగిలింది, అదీ పాస్టరయ్య చూస్తుంటేనే.

పెళ్లి కుదిరాక అమ్మ నాకు ఒకే ఒక పని చెప్పింది.

"బేతంచెర్లకు పోయి మామను నోటితో పిలిచి రా నాయనా. నాకుండేది ఒక్క అన్న."

"శానా పనుండాది మా. ఫోన్లో పంపిస్తాలే."

అందరికీ పంపిన కార్డే మామకూ పంపాను. వెంటనే ఆయన నుంచి బొటనవేలు వచ్చింది. మామ కూడా కాలంతో మారాడని సంబరపడ్డాను. మర్నాడు అమ్మ ఆయనకు ఫోన్ చేసింది.

"వస్తాండావు కదన్నా?"

"వస్తా లేమ్మా. నీ కొడుకు ఫోన్లో పిలిచినాడు, నేనూ ఫోన్లోనే వస్తా. చర్చిలో నా కుర్చీ మీద ఫోను నిలబెట్టండి, చాలు."

అమ్మ నవ్వలేదు. చిన్నప్పుడే తండ్రి పోతే, గనిలో రాళ్లు కొట్టి ఆమెను పెంచింది ఆ అన్నే. "మా అన్న రాకుంటే నేను చర్చికి రాను" అని మెల్లగా చెప్పి, తింటున్న కంచం పక్కకు జరిపింది. తిట్టినా బాగుండేది.

తెల్లారగానే బండి మీద బేతంచెర్ల చేరాను. మామ నాపరాళ్లు పాలిష్ పట్టే చోట తెల్లటి దుమ్ములో నిలబడి ఉన్నాడు. నేను హెల్మెట్ కూడా తీయలేదు.

"ఏం మామా, కార్డు పంపినా కదా, ఇంగేం కావాల?"

ఆయన మిషన్ ఆపాడు. చుట్టూ ఉన్నవాళ్లూ పని ఆపి చూశారు.

"ముందు నీళ్లు తాగప్పా" అన్నాడు. తాగాను. "ఇంగ పిలువు."

నోరు తెరిచాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మా నాన్న బతికున్నప్పుడు ఎవరింటికి పిలవబోయినా చెప్పులు బయట విడిచి, వాళ్ల ఆరోగ్యం, పంట, పిల్లల చదువు అన్నీ అడిగాకే పెళ్లి మాట ఎత్తేవాడు. పక్కనే నిలబడి, ఎప్పుడు ముగిస్తాడా అని విసుక్కున్నానే గానీ ఒక్క ముక్క నేర్చుకోలేదు. ఇన్నేళ్ల చదువులో మనిషిని పిలవడం రాకుండా పెరిగానని తెలిసి సిగ్గేసింది.

"నాకు పిలిచేది రాదు మామా. నువ్వు రాకుంటే అమ్మ రానంటాంది. నువ్వు లేకుండా నాకూ పెళ్లి చేసుకోవాలని లేదు."

మామ భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. దుమ్ముకే అనుకుంటాను.

"పిలిచినావు కదరా. వస్తా పో."

అక్కడితో తిరిగి వచ్చేసి ఉంటే ఈ కథే లేదు. కానీ నాకు పూనకం వచ్చింది. హెల్మెట్ తీసి, చుట్టూ ఉన్న ఒక్కొక్కరికీ చేతులు జోడించాను. "అన్నా, మీరూ రావాల. అక్కా, ఇంటిల్లిపాదీ రావాల." బండలెత్తేవాళ్లను పిలిచాను, లారీ డ్రైవర్ను పిలిచాను, టీ కొట్టాయన్ను పిలిచాను. ఎందుకు వస్తారులే అన్న ధైర్యం.

పెళ్లి రోజున చర్చి ముందు లారీ ఆగింది. మామ దిగాడు. ఆయన వెనక పాలిష్ మిషన్లు తప్ప అందరూ దిగారు.

"అంత మర్యాదగా పిలిచినావు, రాకుంటే బాగుంటాదా?" అన్నాడు డ్రైవర్, పిల్లల్ని దించుతూ.

అమ్మ కొంగు బిగించి అందరికీ తానే వడ్డించింది. "బాగా తినండన్నా, మా అన్నతో వచ్చినోళ్లు" అంటూ మాంసం గిన్నె అడుగుదాకా గరిటె తిప్పింది. ఆమె అంత నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు. మా వంతు వచ్చేసరికి చారన్నమే మిగిలింది. కొత్త పెళ్లికూతురు ఒక ముద్ద తిని, భార్యగా నన్ను మొదటి మాట అడిగింది.

"ఇంగా ఎవర్నన్నా పిలిచినావా?"

ఆ చారు సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఎవరినైనా ఇంటికి వెళ్లి, చెప్పులు విడిచి, చేతులు జోడించే పిలుస్తాను. జోడించే ముందు మాత్రం చుట్టూ ఎవరెవరున్నారో ఒకసారి చూసుకుంటాను.