చెల్లెలి చెవిలోకి దారి

మా చెల్లెలు పుట్టు చెవిటిది. మేం చప్పుడుకు తల తిప్పితే మమ్మల్ని చూసి తానూ తిప్పేది. అది వినడమే అనుకుని చాలాకాలం గడిపేశాం.

ఎనభైలలో, చిట్యాల దగ్గరి మా ఊరి నుంచి బాపు దాన్ని నల్గొండ దవాఖానకు తీసుకుపోయాడు. నేనూ వెంట ఉన్నాను. డాక్టరు చెవుల్లోకి లైటు వేసి చూసి, చెవి సంగతి వదిలేసి, "మీ భార్య మీకు చుట్టరికంలో ఏమవుతుంది?" అని అడిగాడు.

"మా అక్క బిడ్డనే సార్," అన్నాడు బాపు, కాస్త గర్వంగానే.

బాపు గొర్రెల మనిషి. మందలో పుట్టిన పొట్టేలును ఆ మందలోనే ఉంచితే పిల్లలు బలహీనంగా పుడతాయని, దాన్నిచ్చి వేరే ఊరి మంద నుంచి ఇంకొకటి తెచ్చుకునేవాడు. పెళ్లి దగ్గర మాత్రం రక్తం బయటికి పోవద్దన్నారు పెద్దలు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు మా ఇంట్లో లేరు.

లోపం పుట్టుకతో వచ్చిందనీ, ఎముక లోపల నత్తగుల్లలాంటి భాగంలో ఉందనీ డాక్టరు చెప్పాడు. "చుక్కలు వేసి లాభం లేదు. మందు అక్కడిదాకా పోదు."

ఆయన చెప్పింది నిజం. బాపుకు అర్థమైంది వేరు: మందు ఉంది, దానికి దారి లేదు.

బస్టాండు దగ్గర చెవులు శుభ్రం చేసే మనిషి ఒకడు దూది, సన్నని ఇనుప పుల్లలు పెట్టుకుని కూర్చున్నాడు. బాపు అతనికి డాక్టరు మాట చెప్పాడు.

"డాక్టర్లు బయటనుంచే సూస్తరు పటేలా, మేం లోపలికి పోయి సూస్తం. ఫికర్ జెయ్యకు, దారి నేను జేస్త. పోరిని జర గట్టిగ వట్టుకో."

బాపు దాని తల పట్టుకున్నాడు. చెల్లెలు అరిచింది. పుల్ల చివర రక్తం వచ్చింది. అతను ఏదో పచ్చని నూనె పోసి, "ఇగ వినవడ్తది" అన్నాడు. బస్సులో దారి పొడుగునా బాపు దాని చెవి దగ్గర చిటికెలు వేస్తూ కూర్చున్నాడు.

చెవి చీము పట్టింది. దారి తెరుచుకుంది గదా అని మా నాయనమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసింది. చీము తగ్గేది, మళ్లీ వచ్చేది. వానాకాలంలో జ్వరమొచ్చి మెడ బిగుసుకుపోయింది. మళ్లీ నల్గొండ చేరేసరికి చీము మెదడుకు ఎక్కిందన్నారు. బతకలేదు. "పోనీ, ముందు ముందు కష్టం తప్పింది" అన్నారు చుట్టాలు. ఆ ఓదార్పును నేను ఇప్పటికీ క్షమించలేదు.

తొంభైలలో నల్గొండలో చదువుకుంటూ లైబ్రరీలో ఒక పత్రిక చూశాను. విదేశాల్లో గినీ పందుల లోపలి చెవిలోకి జన్యువును పంపి చూస్తున్నారట. హాని చేయకుండా మార్చిన వైరస్‌లో దాన్ని పెట్టి, ఎముకకు సన్నని రంధ్రం చేసి ఎక్కిస్తారట. మనుషుల దాకా రావడానికి ఇంకా చాలా దూరముందట. అసలు కష్టం లోపలికి చేర్చడమేనట. ఆ వాక్యం దగ్గర పత్రిక మూసేశాను.

ఇంటికి పోయినప్పుడు అమ్మకు చెప్పాను.

"గట్లయితే మీ బాపు అనుకున్నది తప్పేం గాదంటవా?"

"వాళ్లకు లోపల ఏమున్నదో తెలుసమ్మా. అయినా ముందుగాల జీవాల మీద జేసి సూస్తున్నరు."

"మనోళ్లు బిడ్డ మీదనే జేసి సూసిండ్రు," అన్నది అమ్మ, బయట గొంగడి మీద కూర్చున్న బాపుకు వినబడేలా.

బాపు లేచి మంద దగ్గరికి పోయాడు.